రాతిగోడ పక్కన స్కూబా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం చింతపల్లి, తిప్పలవలస, కళింగపట్నం తీరాల్లో నీటి అడుగున రాళ్ల పక్కన ఈదడం గురించే. ఒకేలా ఉన్న ప్రశ్నల్ని కలిపేశాం. గాలి లెక్క, బరువు లెక్క అడిగినవారికి కాస్త పొడుగ్గా చెప్పక తప్పలేదు.

అండమాన్‌లో 'వాల్ డైవింగ్' అంటారు కదా, అలాంటి గోడ మన తీరంలో ఉందా? ఏ నెలల్లో దిగొచ్చు?
– పాఠకుడు, పూసపాటిరేగ

కింద నేల కనిపించకుండా నిలువునా దిగిపోయే పగడపు గోడ మనకు లేదు. మనకున్నది రాయి. గుట్టలు, బండలు, వాటి మధ్య ఇసుక, అక్కడక్కడా ఇల్లెత్తున నిలబడ్డ అంచులు. చింతపల్లి దీపస్తంభం 1847లో మొదట వెలిసింది భీమిలి రేవుకు వెళ్లే ఓడలు ఇక్కడి రాళ్లకు కొట్టుకోకుండా ఉండాలనే. పాత నావికులు వాటిని శాంతపిల్లి రాళ్లనేవారు. సరంగులు భయపడి తప్పుకున్న చోటుకే ఇప్పుడు డైవర్లు వెతుక్కుంటూ వస్తున్నారు.

గోడ పొట్టిదని తేలిగ్గా తీసుకోకండి. ఇక్కడి కష్టం లోతులో లేదు, మసకనీటిలోనూ ఊపులోనూ ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి అలలు ఒకవైపు, నాగావళి, వంశధార, చంపావతి తెచ్చే ఎర్రనీరు మరోవైపు. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం: 2013 ఫైలిన్, 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ మూడూ అక్టోబరులోనే వచ్చాయి. తుపాను వెళ్లాక ఆకాశం రెండు రోజుల్లో తేటపడుతుంది గానీ నీరు అంత త్వరగా తేటపడదు. జనవరి నుంచి ఏప్రిల్ మధ్యలో దిగడం మేలు. జనవరి, ఫిబ్రవరిలో నీరు చల్లగానే ఉంటుంది, 3 మిల్లీమీటర్ల వెట్‌సూట్ వేసుకోండి. మార్చి నుంచి తీరం వెంట ఉత్తరానికి పోయే ప్రవాహం బలపడుతుంది కాబట్టి ఎదురీదుతూ మొదలుపెట్టి, ప్రవాహంతో పాటు బోటు దగ్గరికి తిరిగి రావాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులు మరపడవలు ఒడ్డునే ఉంటాయి కాబట్టి బోటు సంగతి ముందే మాట్లాడుకోండి.

ఆ రోజు సముద్రం అద్దంలా ఉంది. కిందికి దిగాక రాళ్ల దగ్గర ముందుకీ వెనక్కీ ఉయ్యాలలా ఊపేసింది. పైన లేని అల కింద ఎలా వచ్చింది?
– పాఠకురాలు, విజయనగరం

పైన లేకపోలేదు, మీకు కనిపించలేదంతే. దూరం నుంచి వచ్చే పొంగు ఎత్తు తక్కువ, పొడవెక్కువ. అల కదలిక నీటిలో దాని పొడవులో సగం లోతు దాకా ఉంటుంది. రెండు శిఖరాల మధ్య 6 సెకన్లు పట్టే అల లోతునీటిలో సుమారు 56 మీటర్ల పొడవుంటుంది. 12 సెకన్లు పట్టేదైతే 225 మీటర్లు. మొదటిదాని ఊపు 15 మీటర్ల దగ్గర చాలావరకు తగ్గిపోతుంది, రెండోది అక్కడ నేలని కూడా ఊడ్చేస్తుంది. అందుకే హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే సముద్ర సూచనలో అల ఎత్తొక్కటే చూసి సంబరపడకూడదు, పక్కనే ఉండే సెకన్ల అంకె కూడా చూడాలి. మీటరు ఎత్తుకు 12 సెకన్లు తోడైతే ఆ రోజు రాళ్ల జోలికి పోవద్దని మా మాట.

తీరా ఊపులో చిక్కుకుంటే దానితో పోట్లాడకండి. నీరు మీరు వెళ్లే వైపు తోసినప్పుడు ఫిన్స్ (కాళ్లకు తొడిగే తెడ్లు) కొట్టండి, వెనక్కి లాగినప్పుడు కదలకుండా ఆగండి. ఎదురు కొడితే గాలి ఖర్చు రెట్టింపవుతుంది, దూరం మాత్రం కలిసిరాదు. గోడకు కనీసం 2 మీటర్ల ఎడం ఉంచండి. రెండు బండల మధ్య సందు ఎంత అందంగా కనిపించినా దూరకండి. ఊపంతా ఆ ఇరుకులోంచే పోవాలి కాబట్టి అక్కడ దాని వేగం హెచ్చుతుంది. పైకి తేలేటప్పుడు రాయికి 30 మీటర్ల అవతల తేలాలి. తలెత్తగానే తెల్లటి నురుగు కనిపించిందంటే మీరు తేలిన చోటు తప్పు.

శ్రీకాకుళంలో ఉంటాను. ఈతకొలనులో నేర్చుకున్నప్పుడు 4 కిలోల సీసం సరిపోయింది. సముద్రంలో అదే బరువుతో మునగలేకపోయాను. రెండోసారి 9 కిలోలు కట్టారు, రాయిలా దిగిపోయాను. ఏది సరైనది?
– పాఠకుడు

రెండూ కావు. ముందు ఉప్పు సంగతి. లీటరు మంచినీరు కిలో తూగితే, సముద్రపు నీరు సుమారు 1.025 కిలోలు. మీరు, సిలిండరు, సామాను కలిసి 100 లీటర్ల చోటు ఆక్రమిస్తే సముద్రంలో రెండున్నర కిలోలు అదనంగా కావాలి. కొలనులో మామూలు బట్టలతో దిగి, ఇక్కడ 3 మిల్లీమీటర్ల సూటు వేసుకుని ఉంటే దానికి మరికొంత. ఏటి మొగ దగ్గర వానాకాలం పైనీటిలో ఉప్పు తగ్గుతుంది కాబట్టి కళింగపట్నంలో మొన్నటి లెక్క ఇవాళ కుదరకపోవచ్చు.

చాలామంది మరిచిపోయేది గాలి బరువు. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ (గాలి ఒత్తిడిని బార్‌లలో కొలుస్తారు) నింపితే 2,400 లీటర్ల గాలి, అంటే దగ్గరదగ్గర 2.9 కిలోలు. 50 బార్‌కి వచ్చేసరికి 2 కిలోల పైచిలుకు తేలికవుతారు. డైవ్ మొదట్లో సరిగ్గా ఉన్నవాడు చివర్లో, పైకి తేలేముందు 5 మీటర్ల దగ్గర కాసేపు ఆగాల్సిన వేళ, బెండులా పైకి లేచిపోతాడు. కనుక పరీక్ష ఇలా చేయండి. ఒడ్డు దగ్గర నిలబడలేని లోతులో, 50 బార్ మిగిలిన సిలిండర్‌తో, జాకెట్ (తేలడానికి గాలి నింపుకునే తొడుగు) గాలంతా వదిలేసి, మామూలుగా ఊపిరి తీసుకుని కదలకుండా ఉండండి. నీటి మట్టం కళ్ల దగ్గర ఆగాలి. ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. నిండు సిలిండర్‌తో పరీక్షిస్తే, ఆ బరువుకు 2 కిలోలు కలపండి. సీసం కిలో, అరకిలో చొప్పున మార్చండి గానీ ఒకేసారి 5 కిలోలు పెంచడం పద్ధతి కాదు.

9 కిలోలతో జరిగింది ఇదీ: అంత బరువును మోయడానికి జాకెట్ నిండా గాలి కొట్టాల్సి వచ్చింది. 10 మీటర్ల దగ్గర ఆ గాలి సగానికి నలుగుతుంది, దాంతో ఇంకా వేగంగా దిగుతారు, ఇంకా నలుగుతుంది. మన రాళ్ల దగ్గర ఇసుక నేల ఆపుతుంది. అండమాన్ గోడ పక్కన ఆపేవాడు లేడు. అక్కడ 30 మీటర్లు దాటితే నైట్రోజన్ మత్తు తలకెక్కి, ఎంత లోతుకు వచ్చామన్న పట్టింపే పోతుంది. మొదటి కోర్సు చేసినవారికి హద్దు 18 మీటర్లని గుర్తుంచుకోండి.

గోడ పక్కన దిగేటప్పుడు భుజం గోడ వైపు ఉంచి, ఏదో ఒక రాతి గుర్తును చూస్తూ దిగండి. మసకనీటిలో ఎదుట ఏమీ లేకపోతే దిగుతున్నామో లేస్తున్నామో తెలియదు. ప్రతి మూడు మీటర్లకు జాకెట్‌లోకి కొద్దిపాటి గాలి, అంతకన్నా వద్దు. మొదట లోతుకు వెళ్లి, తర్వాత మెట్లుమెట్లుగా పైకి వస్తూ చూడాలి. పైన తిరిగి చివర్లో లోతుకు దిగడం తలకిందుల పని.

200 బార్ ఆక్సిజన్ సిలిండర్ ఎంతసేపు వస్తుంది? '50 బార్‌కి పైకి వచ్చేయాలి' అంటారు, ఆ 50 ఎందుకు?
– పాఠకుడు, రాజాం

ముందు ఆ 'ఆక్సిజన్ సిలిండర్' మాట సరిచేద్దాం. పత్రికలూ అలాగే రాస్తాయి గానీ అందులో ఉండేది మనం పీల్చే గాలే, వడకట్టి ఒత్తి నింపినది. స్వచ్ఛమైన ఆక్సిజన్ 6 మీటర్లు దాటిన లోతులో పీలిస్తే మూర్ఛలు వస్తాయి, నీటిలో మూర్ఛంటే ప్రాణం పోయినట్లే. కాబట్టి ఆసుపత్రులకు నింపే చోట స్కూబా సిలిండర్ నింపించకండి. కంప్రెసర్‌తో నింపేచోట కూడా గాలి పీల్చే గొట్టం ఎటుందో చూడండి. కంప్రెసర్ ఇంజన్ పొగ గాలివాటుకి ఆ గొట్టంలోకి వెళ్తే సిలిండర్‌లోకి కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది. దానికి వాసన ఉండదు. నూనె, పొగ వాసన కొడితే ఆ సిలిండర్ పక్కన పెట్టేయండి, వాసన లేకపోతే మంచిదేనని మాత్రం అనుకోవద్దు.

ఇక లెక్క. నింపాదిగా ఉన్న మనిషి ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీలుస్తాడనుకుందాం. నీటి పైన పీడనం ఒక బార్, ప్రతి 10 మీటర్లకు ఇంకో బార్ పెరుగుతుంది: 10 మీటర్ల దగ్గర 2 బార్, 20 దగ్గర 3. అంటే 20 మీటర్ల దగ్గర నిమిషానికి 60 లీటర్లు. 2,400 లీటర్లలో 50 బార్, అంటే 600 లీటర్లు, మిగిల్చితే 30 నిమిషాలు వస్తుందని పుస్తకం లెక్క.

ఆ 50 బార్ ఒక్క మనిషికి సరిపోయే అంకె. తోడు వచ్చినవాడి రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) ఆగిపోయి మీ రెండో గొట్టం అడిగితే? కంగారులో ఒక్కొక్కరు 40 చొప్పున నిమిషానికి 80 లీటర్లు లాగుతారు. 20 మీటర్ల దగ్గర సర్దుకోవడానికి ఒక నిమిషం: 80 × 3 = 240. పైకి రావడం నిమిషానికి 9 మీటర్లకు మించకూడదు, ఆగుతూ సాగుతూ 3 నిమిషాలు, సగటు పీడనం 2 బార్: 480. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగితే 80 × 1.5 × 3 = 360. మొత్తం 1,080 లీటర్లు. 12 లీటర్ల సిలిండర్‌లో అది 90 బార్!

అంటే 20 మీటర్ల దగ్గర గేజ్ 90 చూపగానే పైకి బయల్దేరాలి, అడుగున ఉండగలిగేది 22 నిమిషాలే. మన రాళ్ల దగ్గర 12 మీటర్ల లోతైతే ఇదే లెక్కకు 70 బార్ దగ్గర బయల్దేరితే చాలు, 35 నిమిషాలు దొరుకుతాయి. లోతు తగ్గితే సమయం ఎంత కలిసొస్తుందో చూడండి. 10 లీటర్ల సిలిండర్ ఇచ్చారేమో ముందే అడగండి. గేజ్‌లో రెండూ 200 అనే చూపిస్తాయి, లోపలి గాలిలో 400 లీటర్ల తేడా. ఊపులో ఈదిన రోజు ఒక మనిషి లెక్కే 20 కాదు, 30 వేసుకోండి.

బాబూ, మాది తిప్పలవలస. ఇప్పుడు డైవింగోళ్లని కూడా బోటు మీద తీసుకెల్తన్నాం. ఆలు నీల్లల్లో ఉన్నప్పుడు మేం ఏటి చెయ్యాల? వల తగులుకుంటే ఎలాగ?

డైవింగ్‌లో సగం భద్రత మీ చేతుల్లోనే ఉంది, అయినా మిమ్మల్ని కూర్చోబెట్టి చెప్పేవాళ్లు తక్కువ. లంగరు రాళ్ల మీద వేయకండి. రాయి పాడవుతుంది, లంగరూ ఇరుక్కుంటుంది. పక్కన ఇసుకలో వేసి, మోకుకు తేలుడు బిగించండి. తెలుపు, నీలం రంగుల డైవింగ్ జెండా ఎత్తితే తోటి బోట్లు దూరంగా పోతాయి. తెలియనివాళ్లకు కేకేసి చెప్పండి. దిగేముందు పేర్లు, దిగిన టైము రాసుకోండి, ఎక్కాక మళ్లీ లెక్కపెట్టండి. బుడగలు ఎటు కదులుతున్నాయో ఒక మనిషి చూస్తూనే ఉండాలి. అప్పుడు వేట పని, ఫోను పని వద్దు.

తేలినవాళ్లు చెయ్యి తల మీద గుండ్రంగా పెడితే బాగున్నట్టు. చెయ్యి ఊపుతున్నారంటే ఆపద, 'హాయ్' చెబుతున్నారనుకోకండి. నారింజ రంగు పొడుగు బెలూన్ లేస్తే దాని కింద మనిషి ఉన్నట్టే. దగ్గరికి నెమ్మదిగా వెళ్లి, చివర ఇంజన్ పూర్తిగా ఆపండి. గేరు తీసినంత మాత్రాన చాలదు, నిచ్చెన ఎక్కేటప్పుడు చెయ్యి తగిలి గేరు పడొచ్చు. రాయికీ మనిషికీ మధ్యలోకి బోటు పోనివ్వకండి.

తెగిపోయిన వలలు రాళ్లకే పట్టుకుని ఉంటాయి, సన్న నైలాన్ నీటిలో కనబడదు కూడా. చిక్కుకున్నవాళ్లు తిరగకూడదు. తిరిగితే సిలిండర్ వాల్వ్‌కు చుట్టుకుంటుంది. ఆగి, వచ్చిన దారినే వెనక్కి జరిగి, తోడువాడితో కోయించుకోవాలి. కట్టర్ పిక్కకు కాదు, ఛాతీ దగ్గర అందేలా కట్టుకుంటేనే పనికొస్తుంది.

బోటులో ఆక్సిజన్ ఉండాలి, ఇది మాత్రం నిజంగా ఆక్సిజనే. నిమిషానికి 15 లీటర్ల చొప్పున ఇస్తే 1,500 లీటర్ల సిలిండర్ 100 నిమిషాలు వస్తుంది. ఒడ్డుకు ఎంతసేపో, అక్కడి నుంచి ఆసుపత్రికి ఎంతసేపో కలిపి చూసుకోండి. కోస్ట్‌గార్డ్ 1554, తీర భద్రత పోలీసు 1093, అంబులెన్సు 108: ఈ మూడూ బోటు లోపల పెయింట్‌తో రాయించండి.

మూడు మీటర్ల దగ్గరే చెవి పోటు భరించలేకపోయాను. ముక్కు మూసి గట్టిగా ఊదమన్నారు, ఊదాను, ఇంకా ఎక్కువైంది.
– పాఠకురాలు, పలాస

గట్టిగా ఊదడమే తప్పయింది. మొదటి 10 మీటర్లలోనే గాలి పరిమాణం సగమవుతుంది కాబట్టి చెవికి అసలు పని అక్కడే. నొప్పి రాకముందే, ఒడ్డున ఒకసారి, తల మునగగానే ఒకసారి, తర్వాత ప్రతి అర మీటరుకు ఒకసారి ముక్కు మూసి మెల్లగా ఊదాలి, లేదా ముక్కు మూసి గుటక వేయాలి. మీటరు, మీటరున్నర ఆలస్యం చేస్తే చెవి లోపలి గొట్టం అతుక్కుపోతుంది, ఇక ఎంత ఊదినా తెరుచుకోదు, బలవంతం చేస్తే లోచెవి దెబ్బతింటుంది. అప్పుడు మీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించండి. తలకిందులుగా కాక కాళ్లు కిందికి పెట్టి దిగితే సులువు. జలుబుంటే దిగొద్దు. మందు వేసుకుని దిగితే మధ్యలో మందు బలం తగ్గి, పైకి వచ్చేటప్పుడు గాలి లోపల చిక్కుకుంటుంది. నొప్పి తగ్గకపోయినా, తల తిరిగినా, చెవి నుంచి రక్తం వచ్చినా చెవి డాక్టర్ దగ్గరికే.

ఉదయం చింతపల్లిలో రెండు డైవ్‌లు, సాయంత్రం ఎస్.కోట మీదుగా అరకు. కుదురుతుందా?
– మిత్రబృందం, బొబ్బిలి

కుదరదు. క్రమం తిప్పేయండి: ముందు అరకు, తర్వాత చింతపల్లి. అరకు 900 మీటర్లకు పైన ఉంది, ఆ రైలు దారిలో శిమిలిగూడ స్టేషన్ 996 మీటర్లు. డైవింగ్‌లో ఒంట్లో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి. ఈలోగా పై పీడనం తగ్గితే సోడా మూత తీసినట్టు బుడగలు కట్టొచ్చు. విమానానికి ఉన్న నియమమే ఘాట్ రోడ్డుకూ వర్తిస్తుంది: ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, రెండు మూడు చేస్తే 18 గంటలు. రామతీర్థం కొండ ఎత్తు వల్ల భయం లేదు, కానీ డైవ్ కాగానే ఆయాసపడుతూ మెట్లెక్కడం మంచిది కాదు, ఒక పూట ఆగండి.

ఆ రోజు కీళ్ల నొప్పి, చర్మం మీద తిమ్మిరి, మితిమీరిన అలసట, కాళ్లు తేలిపోవడం కనిపిస్తే 'ఈది ఈది నొప్పులు' అని తైలం రాసుకుని పడుకోవద్దు. ఆక్సిజన్ పెట్టి, పడుకోబెట్టి, 108. డాక్టర్‌కు డైవ్ లోతు, సమయం రాసిన కాగితం ఇవ్వండి. రీకంప్రెషన్ చాంబర్ (పీడనం పెంచి ఈ జబ్బుకు వైద్యం చేసే గది) ఎక్కడుందో, ఎవరికి ఫోన్ చేయాలో డైవ్ నడిపేవారిని డబ్బు కట్టకముందే అడగాలి. నీళ్లు నమిలితే ఇంకొకరిని చూసుకోండి.

రాళ్లలో ఏవేవి కుడతాయి?
– పాఠకుడు, సోంపేట

రాయిలా కనిపించే చేపలు, ఈకల్లాంటి రెక్కలున్న లయన్‌ఫిష్, ఇసుకలో కప్పుకుని పడుకునే తోకముల్లు టేకు చేప. వీటి విషం వేడికి బలహీనపడుతుంది. దెబ్బ తగిలిన చోటును 45 డిగ్రీలు మించని వేడినీటిలో 30 నుంచి 90 నిమిషాలు ఉంచి, ఆసుపత్రికి వెళ్లాలి. వేడి ఎంతో దెబ్బ తగలని చేత్తో చూడండి, మొద్దుబారిన చెయ్యి కాలినా తెలియదు. జెల్లీ చేప తగిలితే సముద్రపు నీటితోనే కడిగి, పోగుల్ని చిమటాతో తీయండి. ఇసుకతో రుద్దడం, మూత్రం పోయడం వద్దు. కడలి పాములు తమంతట తాము వెంటపడవు, పట్టుకుని ఫొటో తీసుకోబోతేనే చిక్కు.

విసనకర్రలాంటి ఎండు పగడం దొరికింది, ఇంటికి తెచ్చుకోవచ్చా?
– పాఠకురాలు, నరసన్నపేట

వద్దు. పగడాలు, ఆ విసనకర్ర పగడం, సముద్రపు గుర్రాలు, సముద్రపు దోసకాయలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. చచ్చిందైనా, ఒడ్డుకు కొట్టుకొచ్చిందైనా నేరమే. షోకేసులో పెట్టి ఫొటో పంచుకుంటే సాక్ష్యం మీరే ఇచ్చినట్టు.

సొంత రెగ్యులేటర్ కొన్నాను. బోరు నీళ్లలో నానబెట్టి కడుగుతున్నాను, అయినా ఏడాదికే గాలి కారడం మొదలైంది.
– పాఠకుడు, ఎచ్చెర్ల

రెండు అనుమానాలున్నాయి. మొదటిది, సిలిండర్‌కు బిగించే చోట మూత పెట్టకుండా ముంచి ఉంటారు. ఆ మూతను ముందు ఆరబెట్టి, బిగించాకే నీటిలో పెట్టాలి. రెండోది, నానుతుండగా నోటి దగ్గరి మీట నొక్కి ఉంటారు. గాలి ఒత్తిడి లేనప్పుడు అది నొక్కితే వాల్వ్ తెరుచుకుని నీరు గొట్టం గుండా మొదటి భాగం దాకా పాకుతుంది, లోపల పచ్చచిలుం పడుతుంది. బోరు నీరు ఉప్పగా ఉంటే అది కడగడమే కాదు, తాగే నీటిలో అరగంట నానబెట్టండి. ఎండలో కాక నీడలో ఆరేయండి. మెకానిక్ దగ్గరికి పంపేముందు మీరే స్క్రూలు విప్పకండి. సిలిండర్‌ను మాత్రం ఎప్పుడూ పూర్తిగా ఖాళీ చేయకండి. 20, 30 బార్ ఉంటే వాల్వ్ లోంచి చెమ్మ దూరదు.